పోస్టర్ మధ్యలో ఉన్న పిల్ల

ఆత్మకూరులో నాగేంద్ర డిజిటల్స్ అంటే తెలియని పెళ్ళికొడుకు ఉండడు. ఎందుకంటే గత ఎనిమిదేళ్ళలో ఆ చుట్టుపక్కల పెళ్ళయిన ప్రతివాడూ ఆ షాపు ఫ్లెక్సులో చేతులు కట్టుకుని నిలబడ్డవాడే, వాడి వెనకాల సూర్యకిరణాలు, కాళ్ళ దగ్గర గులాబీలు, నెత్తిమీద రెండు తెల్ల పావురాలు! పుట్టినరోజుకీ అవే పావురాలు, నాయకుడు ఊళ్ళోకి వస్తే స్వాగతానికీ అవే పావురాలు.

ఆ పావురాలంటే సుజనకి ఒళ్ళుమంట.

సుజన ఎవరంటే, షాపు ఓనరు నాగేంద్రబాబుకి అక్క కూతురు. నెల్లూరులో డిగ్రీ అవ్వగొట్టి మూడు నెలల కిందట మామ షాపులో చేరింది. ఆ పిల్లకి స్పోర్ట్స్ పోస్టర్ల పిచ్చి, మామూలు పిచ్చి కాదు! ఫోన్ నిండా అవే. ఒకే ఆటగాణ్ణి అయిదు చోట్ల పెట్టి, ఒక చోట పెద్దగా, ఒక చోట నీడలాగా, మధ్యలో దుమ్ము, వెలుగు, చెమట చుక్క కూడా మెరిసేటట్టు చేస్తారే, ఆ కొలాజ్ పోస్టర్లు. అలాంటివి చేద్దామని వస్తే మామ ఏం చేయించాడు? ఆధార్ కార్డులకి లామినేషన్.

షాపులో సిస్టంలు రెండు. మంచిది మామది. రెండోది లామినేషన్ మిషన్ పక్కనే, ఆ వేడికి మూలుగుతూ ఉంటుంది, అది సుజనది.

ఆ సోమవారం పొద్దున ఖాకీ చొక్కా వేసుకున్న ఒకతను వచ్చాడు. పేరు కోటేశ్వర్, ఉదయగిరి నుంచి సీతారామపురం దారిలో ఆటో తోలతాడు.

"అన్నా, మా చెల్లెలికి పెద్ద బొమ్మ కావాల. ఇస్కూల్లో తగిలించే మాదిరి."

"పెళ్ళా?" అన్నాడు నాగేంద్రబాబు, అప్పటికే టెంప్లేట్ తెరిచేశాడు.

"పెళ్ళేందన్నా, టెన్త్ చదవతా ఉండాది! రన్నింగు. పదిహేను వందల మీటర్లు, జిల్లా ఫస్టు వచ్చినాది మా రేణుక. శుక్రవారం ఇస్కూల్లో సన్మానం. ఆమెకి తెలీకుండా సప్రైజుగా ఇయ్యాలని..."

"మంచిది. మధ్యలో పాప ఫోటో, పైన రెండు పావురాలు..."

"మామా!" సుజన స్టూల్ మీంచి లేచిపోయింది. చేతిలో ఎవరిదో పాన్ కార్డు అలాగే ఉంది. "మామా ప్లీజ్, పరిగెత్తే పిల్లకి పావురాలేంటి మామా! ఇది నాకు ఇవ్వు. ఇదొక్కటి!"

"ఏందిమే నీ గోల, గిరాకీ ముందర."

"మేడం చేస్తే బాగుంటాదా?" అన్నాడు కోటేశ్వర్. మేడం! ఆ ఒక్క మాటతో సుజన మనసులో కోటేశ్వర్ దేవుడైపోయాడు.

నాగేంద్రబాబు కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. "సరేమే. నీ ఇష్టానికి చెయ్, నేను వేలు పెట్టను. గిరాకీ వచ్చి, చూసి, సంతోషంగా తీసకపోయినాడంటే ఈ కుర్చీ నీది, ఈ సిస్టం నీది, డిజైన్లన్నీ నువ్వే చేసుకో. మొహం తిప్పుకున్నాడా, మళ్ళీ నా ముందర పావురాల మాట ఎత్తకూడదు. ఒప్పుకుంటివా?"

"ఒప్పుకున్నా!" ఆలోచించనైనా ఆలోచించలేదు.

ఇంక చూడండి! కోటేశ్వర్ ఫోన్లో ఫోటోలు నలభై మూడు. పీఈటీ జోయల్ సార్ జిల్లా పోటీల మీట్ రోజు తీసి స్కూల్ గ్రూపులో పెట్టినవి. వాట్సాప్‌లో చేతులు మారి మారి అన్నీ అరిగిపోయిన బొమ్మలు. కొంచెం పెద్దది చేస్తే చాలు, మొహాలు గళ్ళుగళ్ళుగా పగిలిపోతున్నాయి. ఒక దాంట్లో ఎవరిదో గొడుగు అడ్డం, ఒక దాంట్లో ఆడపిల్లలంతా చీమల్లాగా ఎక్కడో అవతలి మలుపులో. మెడల్ వేసుకుని నిలబడ్డది ఒకటి బాగుంది, కానీ నిలబడ్డ ఫోటోతో పరుగు పోస్టర్ ఎలా అవుతుంది?

ఇరవై ఆరో ఫోటో దగ్గర సుజన ఆగిపోయింది.

అబ్బబ్బ, ఏం ఫోటో అది! మలుపు తిరుగుతున్న పిల్ల, పక్క నుంచి. రెండు కాళ్ళూ గాల్లో, రెండు చేతులూ కొడవళ్ళలాగా వంగి, వెనకాల ఎర్ర దుమ్ము లేచి, జడ ఎగిరి మొహానికి అడ్డం పడింది. నీలం జెర్సీ, పసుపు చార. పరుగు ఫోటోల్లో ఇదొక్కటే స్పష్టంగా ఉంది.

"ఇది రేణుకే కదా?"

కోటేశ్వర్ ఫోన్ దగ్గరికి వంగాడు. "మొహం కనపడటంలా... మా ఇస్కూల్ డ్రస్సే మేడం. ఇంత జోరుగా ఉరికేది మా రేణుక కాకుండా ఇంకెవురుంటారు?"

"మీరు మీట్‌కి వెళ్ళారా?"

"నేను పోలే. పెళ్ళి ట్రిప్పుకి పొయ్యినా ఆ రోజు. రాసుకోండి మేడం, అది మా పాపే."

అంతే, అయిపోయింది. ఇద్దరికీ అనుమానమే లేదు.

అసలు గొడవ తర్వాత వచ్చింది. కోటేశ్వర్ జేబులోంచి ఒక కవరు తీసి టేబుల్ మీద బోర్లించాడు. పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు, పద్నాలుగు! "వీళ్ళు కింద గుండ్రంగా రావాల మేడం. మా ఇద్దురు మామలు, సర్పంచి, హెడ్మాస్టరు, మా ఆటో స్టాండు ప్రెసిడెంటు, మా అవ్వ మాలకొండమ్మ..."

"పద్నాలుగు మందా! పరుగు తీసింది రేణుక ఒక్కతే కదా!"

"ఒక్కరు తగ్గినా ఊళ్ళో నాకు నీళ్ళు కూడా పుట్టవు మేడం. సర్పంచి ముందర రావాల, మా పెద్దమామ కన్నా మా చిన్నమామ చిన్నగా ఉండాల, అదొకటి గుర్తు పెట్టుకోండి."

నాగేంద్రబాబు పేపరు చాటున నవ్వుకున్నాడు. ఎనిమిదేళ్ళ నుంచి ఆయన పడుతున్న అవస్థ అదేగా!

సుజన ఆ రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు. మంగళవారం పొద్దున బ్రష్ చేసుకుంటుంటే టక్కున తట్టింది. పద్నాలుగు మందిని కింద గుండ్రాల్లో ఎందుకు పెట్టాలి? పరుగు చూడ్డానికి వచ్చిన జనంలాగా ట్రాక్‌కి రెండు పక్కలా నిలబెడితే? సర్పంచి ముందు వరసలో, పెద్దమామ పక్కన చిన్నమామ ఒక అడుగు వెనకాల, వెనకాల ఉన్నవాడు ఎలాగూ చిన్నగానే కనిపిస్తాడు! నోట్లో బ్రష్‌తోనే గెంతింది.

మంగళ, బుధ రెండు రోజులు అదే పని. మూడడుగుల ఎత్తు పోస్టర్. వెనకాల ఉదయగిరి కొండ, సాయంత్రం రంగులో. ఎర్ర ట్రాక్, దానికి రెండు పక్కలా పాస్‌పోర్ట్ మొహాలకి ఒళ్ళు అతికించి నిలబెట్టిన పద్నాలుగు మంది. అంచుల్లో మెడల్, సర్టిఫికెట్. మధ్యలో రెండడుగుల ఎత్తున ఆ పిల్ల. జడలో ఒక్కో వెంట్రుకా విడివిడిగా కత్తిరించింది, నమ్మండి, ఒక్కో వెంట్రుక! నాగేంద్రబాబు రెండుసార్లు వెనక నిలబడి చూసి, టీ తాగి వెళ్ళిపోయాడు. బుధవారం సాయంత్రం గ్లాసీ పేపర్ మీద ప్రింట్ కొట్టి గోడకి తగిలిస్తే షాపు షాపంతా వెలిగిపోయింది.

గురువారం పొద్దున కోటేశ్వర్ వచ్చాడు. వెంట ఒక ముసలాయన. తలగుడ్డ, చేతికర్ర, భుజాన సంచి. "మా తాత కామయ్య మేడం. గొర్రెల కడుపులో పురుగులకి మందు కావాలంటే ఆటో ఎక్కించుకొని వచ్చినా."

కామయ్య కర్ర గుమ్మానికి ఆనించి లోపలికి వచ్చాడు. కోటేశ్వర్ పోస్టర్ చూసి నోరు తెరిచాడు. "అబ్బా! మేడం! మా చిన్నమామ చూడు ఎట్ట నిలబడినాడో! మా అవ్వ చూడు, జనంలో నించి తొంగి చూస్తా ఉండాది!"

సుజన ఓరకంట మామని చూసింది. కుర్చీ దాదాపు వచ్చేసినట్టే!

కామయ్య మాత్రం పోస్టర్ దగ్గరికి వెళ్ళాడు. నాలుగడుగులు వెనక్కి వచ్చాడు. ఇంకో రెండడుగులు వెనక్కి వేసి, గుమ్మం బయట మెట్టు మీద నిలబడి, ఎండలో చూసినట్టు కనుబొమ్మల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు.

"పిల్ల బాగుండాది. బాగా ఉరకతా ఉండాది," అన్నాడు. "ఎవురి పిల్ల?"

"ఎవురి పిల్లేంది తాతా! మన రేణుక!"

"మన రేణుకా? యాడ?"

"ఆ మధ్యలో అంత పెద్దగా ఉంటే యాడంటావే!"

"ఆ పిల్ల మన పిల్ల కాదురా అబ్బయా."

కోటేశ్వర్ నవ్వేశాడు. "పట్టించుకోమాకండి మేడం, మొన్ననే కన్ను ఆపరేషన్ అయిన మనిషి."

"ఆపరేషన్ అయినాకనేరా బాగా కనపడతా ఉండేది," అన్నాడు కామయ్య, కోపం లేకుండా. మళ్ళీ లోపలికి వచ్చి వేలితో చూపించాడు. "ఈ పిల్ల రెండు చేతులూ ఊపతా ఉండాది. మన పిల్ల ఎడం చెయ్యి ఊపదు."

"ఊపకుండా ఎట్ట పరిగెత్తతారు తాతా?" అన్నాడు నాగేంద్రబాబు. ఇప్పుడు ఆయన కూడా లేచి వచ్చాడు.

"గొర్రె దారిలో ఈనిందనుకో సామీ, మంద ఆగదు గదా. ఎవురో ఒకరు ఆ పిల్లని సంకలో పెట్టుకొని మందని అందుకోవాల. ఆరేళ్ళప్పట్నించి మా ఇంట్లో ఆ పని రేణుకదే. ఎడం సంకలో గొర్రెపిల్ల, కుడిచేతిలో కట్టె, ఒకటే ఉరుకు! ఇప్పుడు ఊరికే ఉరికినా ఆ చెయ్యి అట్టనే సంకకి అతుక్కొని ఉంటాది, పిల్ల జారిపోతాదేమో అన్నట్టు. నూట ఇరవై జీవాల్ని నడక చూసి చెప్తా నేను. నా మనమరాల్ని చెప్పలేనా?"

సుజన కోటేశ్వర్ ఫోన్ తీసుకుని జోయల్ సార్‌కి ఫోన్ చేసింది, స్పీకర్ పెట్టింది, ఫోటో పంపించింది, ఎడం చెయ్యి సంగతి అడిగింది.

"ఆ చెయ్యి మాట ఎత్తమాకమ్మా!" అని అటునుంచి కేక. "రెండేళ్ళుగా గొంతు చించుకుంటా ఉండా, ఊపు రేణుకా, ఊపు రేణుకా అని! ఊపితే ఇంకో మూడు సెకన్లు తగ్గుద్ది! ...ఆ, ఫోటో వచ్చింది. ఇది రేణుక కాదమ్మా, సుకన్య. కలిగిరి పిల్ల, ఈడ హాస్టల్లో ఉంటాది. నాలుగో ప్లేసు వచ్చినాది. ముగ్గుర్ని తీసకపోయినా, ముగ్గురికీ ఒకటే డ్రస్సు గదా."

ఫోన్ పెట్టేశాక కోటేశ్వర్ తల పట్టుకుని బెంచీ మీద కూలబడ్డాడు. "రేపు ఇస్కూలంతా నవ్వేవాళ్ళు. నా చెల్లెలి సన్మానానికి ఇంకో పిల్ల బొమ్మ..."

నాగేంద్రబాబు పోస్టర్ వైపు చూసి, సుజన వైపు చూసి, మెల్లగా అన్నాడు. "పావురాలతో ఈ బాధ లేదుమే. పావురాలు ఎవురివైనా పావురాలే."

సుజనకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కుర్చీ పోయింది, అది తెలుస్తూనే ఉంది. కానీ దానికంటే ముందు ఇంకో బొమ్మ కళ్ళముందు కదిలింది. శుక్రవారం అందరి ముందూ రేణుక కాగితం విప్పడం, మధ్యలో తనతో పరిగెత్తిన సుకన్య ఉండటం, అన్న మొహం చూసి ఏమీ అనలేక నవ్వడం. ఛీ! ముక్కు చున్నీతో తుడుచుకుంది.

"మామా, నీ కుర్చీ కావాలి."

"నీకా?"

"నాకు కాదు. తాతకి."

కామయ్యని మంచి సిస్టం ముందు కూర్చోబెట్టింది. తను పక్కన నిలబడి నలభై మూడు ఫోటోలూ మళ్ళీ మొదట్నించి తీసింది. కామయ్య కంప్యూటర్ ముందు కూడా కనుబొమ్మల మీద చెయ్యి అడ్డం పెట్టుకునే కూర్చున్నాడు.

"కాదు... కాదు... పోనీ... ఆగు. అదో."

పదకొండో ఫోటో, చీమల ఫోటో! ఆయన గోరు చూపించిన చోట సుజన జూమ్ చేసింది. గళ్ళుగళ్ళుగా పగిలిన చిన్న నీలం బొమ్మ. మొహం లేదు, ముక్కు లేదు. కానీ ఎడం చెయ్యి! సంకకి అతుక్కుని ఉంది! ఒకసారి కనపడ్డాక ఇంక కనపడకుండా ఎలా ఉంటుంది? తర్వాతి ఫోటోలో సుజనే ముందు పట్టేసింది. "తాతా, ఇది!"

"అదే. నీకూ వచ్చినాదే చూపు!"

గొడుగు ఫోటోలో గొడుగు అంచున సగం రేణుక. ఇంకో దాంట్లో ఎవరి భుజమో పైనుంచి. అలా అలా ఏడు. ఏడూ సుజన సోమవారం పనికిరావని పక్కన పడేసినవే. ఆఖరిది గీత దాటుతున్నప్పుడు. ఎవరో పెద్దమనిషి మోచెయ్యి పావువంతు బొమ్మని మింగేసింది, మిగతా దాంట్లో నోరు తెరిచి, ఛాతీ ముందుకి తోసి రేణుక! అప్పుడు కూడా, జిల్లా ఫస్టు వస్తున్నప్పుడు కూడా, లేని గొర్రెపిల్లని సంకలో భద్రంగా పట్టుకునే ఉంది.

"కానీ పెద్దది చేస్తే పగిలిపోతాయి గదా మేడం," అన్నాడు కోటేశ్వర్ నీరసంగా.

సుజన ఏడు ఫోటోలూ వరసగా పెట్టి చూస్తోంది. మొదటి దాంట్లో ఎక్కడో దూరంగా, తర్వాత కొంచెం దగ్గరగా, ఇంకా దగ్గరగా... అవి ఏడు ఫోటోలు కాదు, ఒక్క పరుగు!

"పెద్దది చెయ్యను! అసలు మధ్యలో పెద్ద బొమ్మే వద్దు! చిన్నగా ఉంచితే పగలవు కదా!"

ఇంక వేళ్ళు ఆగలేదు. ట్రాక్‌ని కొండ దగ్గర మొదలుపెట్టి పాములాగా వంపులు తిప్పుతూ కింది అంచు దాకా తెచ్చింది. కొండ కింద బొటనవేలంత రేణుక, మొదటి వంపులో ఇంకొంచెం, అలా పెరుగుతూ పెరుగుతూ ఆఖరున జానెడు రేణుక, గీత దాటుతూ. మోచేతిని కత్తిరించిన చోట సర్పంచి నిలబడ్డాడు, చప్పట్లు కొడుతున్నట్టు భలే సరిపోయాడు. పద్నాలుగు మందీ పరుగంతా చూస్తున్నారు. నాగేంద్రబాబు స్టూల్ లాక్కుని పక్కనే కూర్చున్నాడు. "ఆ రంగు కొంచెం తగ్గించుమే... ఆ, ఇప్పుడు బాగుండాది." వేలు పెట్టనన్న మనిషి!

అప్పుడు సుజనకి గుర్తొచ్చింది. "కవర్లో తాత ఫోటో లేదేంటి?"

"ఆధార్‌ది ఒకటే ఉండాది మేడం. అది పెడితే పిలకాయలు జడుసుకుంటారు," అన్నాడు కోటేశ్వర్.

కామయ్య అప్పటికే మళ్ళీ మెట్టు మీదికి వెళ్ళి, దూరం నుంచి సిస్టం వైపు చూస్తున్నాడు. చెయ్యి అడ్డం పెట్టుకునే. సుజన ఫోన్ తీసి టక్కున నొక్కేసింది. పది నిమిషాల్లో ఆయన పోస్టర్‌లోకి వచ్చేశాడు. జనంలో కాదు. పైన, కొండ దగ్గర, పరుగు మొదలయ్యే చోట, ఒక్కడే.

ఈసారి ప్రింట్ కొట్టే ముందు పిలిచి చూపించింది. బుద్ధొచ్చింది కదా మరి!

కామయ్య దొడ్డి గేటు దగ్గర జీవాల్ని లెక్కపెట్టినట్టు వేలు ఆడిస్తూ పైనుంచి కిందికి లెక్కపెట్టాడు. "ఏడు. ఏడూ మన పిల్లే." తర్వాత పైకి చూశాడు. "ఈ ముసిలోడెవురు?"

"నువ్వే తాతా."

"నేనా? ఆడేం చేస్తా ఉండా?"

"మనవరాల్ని చూస్తున్నావు."

"ఊఁ." చాలాసేపు చూశాడు. "కట్టె ఏదీ? కట్టె లేకుండా కొండకాడ ఎట్ట నిలబడతా? ఊళ్ళో నవ్వరా?"

సుజన పరిగెత్తుకెళ్ళి గుమ్మానికి ఆనించిన కర్రని ఫోటో తీసి తెచ్చి పోస్టర్‌లో ఆయన చేతిలో పెట్టింది. అప్పుడు కానీ ఒప్పుకోలేదు ముసలాయన.

ప్రింట్ బయటికి వస్తుంటే కోటేశ్వర్ ఒళ్ళోకి బిడ్డని అందుకున్నట్టు అందుకున్నాడు. చుట్ట చుట్టి, కవర్లో పెట్టి, బయల్దేరబోయి ఆగాడు. గోడ మీద పాత పోస్టర్ ఇంకా వేలాడుతోంది. "ఆ పిల్లది ఏం చేస్తారు మేడం?"

సుజన దాన్ని కిందకి దింపింది. చుట్టూ ఉన్నవి కోసేసి మధ్యలో బొమ్మ ఒక్కటే ఉంచి, కింద సుకన్య అని పేరు రాసి చుట్టింది. "జోయల్ సార్‌కి ఇవ్వండి, ఆ అమ్మాయికి ఇమ్మని."

"ఇస్తా. నాలుగో ప్లేసు పిల్లకి ఎవురు చేపిస్తారు బొమ్మ," అన్నాడు కోటేశ్వర్. మొహం మొత్తం నవ్వే! సుజన ఆ నవ్వుని కళ్ళారా చూసింది, మామ కూడా చూడాలని పక్కకి తిరిగింది. మామ అక్కడ లేడు. లామినేషన్ మిషన్ దగ్గర ఏదో సర్దుతున్నాడు.

కామయ్య మాత్రం కదల్లేదు. కర్ర చేతికి తీసుకుని, మళ్ళీ గోడకి ఆనించాడు. "పాపా, నాదొక పని ఉండాది."

"చెప్పు తాతా."

"మా దొడ్లో ఒక పొట్టేలుండాది. దానికీ ఇట్టాంటి బొమ్మ ఒకటి చెయ్యాల. దానిది ఉరుకు కాదు, నిలబడేదే దాని అందం. ఫోటోలు లేవు. నువ్వే రావాల మా ఊరికి."

"తాతా! పద పద, ఈడ పొట్టేళ్ళకి చెయ్యరు!" అని కోటేశ్వర్ చెయ్యి పట్టుకుని లాగాడు.

అప్పుడు నాగేంద్రబాబు గొంతు వినిపించింది. "పొట్టేలుకి నా దగ్గర టెంప్లేట్ లేదుమే. నువ్వే చూసుకో."

సుజన తిరిగి చూసింది. మామ తన నీళ్ళ సీసా, కళ్ళజోడు డబ్బా, సాయిబాబా బొమ్మ, అన్నీ మంచి సిస్టం టేబుల్ మీంచి తీసేసుకున్నాడు. లామినేషన్ మిషన్ పక్కన స్టూల్ మీద కూర్చుని, ఎవరిదో ఆధార్ కార్డు కవర్లో దూరుస్తున్నాడు, అటు తిరిగి, అదేదో మహా కష్టమైన పనన్నట్టు.

కుర్చీ ఇంకా కామయ్య కూర్చున్న ఎత్తులోనే ఉంది. సుజన దాన్ని తన ఎత్తుకి సర్దుకుని, ముందుకి లాక్కుని, కొత్త ఫైలు తెరిచింది.

"పొట్టేలు పేరేంటి తాతా?"